సబా ఇంట్లో చీటీ: చుక్కలు లేని హీబ్రూ మీరంతా ఎలా చదువుతున్నారు?

కార్మెల్_కొండ_మీద:

అందరికీ నమస్కారం. మాది జగిత్యాల జిల్లా. ఇక్కడ ఇజ్రాయెల్‌లో, హైఫాలో, ఒక పెద్దాయనను చూసుకునే పనిలో చేరి పదకొండు నెలలైంది. ఆయనకు 88 ఏళ్లు. నేను సబా అని పిలుస్తాను, అంటే తాత. మాట్లాడటం ఇప్పుడు పర్వాలేదు. మందులు, భోజనం, డాక్టర్, బస్సు, ఇవన్నీ నడిచిపోతున్నాయి. చదవడం దగ్గరే ఆగిపోయాను.

22 అక్షరాలూ వచ్చు. మాట చివర రూపం మారే ఐదు అక్షరాలూ వచ్చు. సబా మునిమనవరాలు ఒకటో తరగతి చదువుతోంది. శుక్రవారం వాళ్లు వచ్చినప్పుడు ఆ పాప పక్కన కూర్చుని తన పుస్తకం నేనూ చదువుతాను. అందులో అక్షరాల కింద, పైన, మధ్యలో చుక్కలు, చిన్న గీతలు ఉంటాయి. నిక్కుద్ అంటారు. అవి ఉంటే మెల్లగానైనా తప్పు లేకుండా చదవగలను. పాప చప్పట్లు కొడుతుంది కూడా. అదే మాట దుకాణం బోర్డు మీదనో, ఆస్పత్రి కాగితం మీదనో కనిపిస్తే చుక్కలు ఉండవు. అప్పుడు నాకు అక్షరాలు కనిపిస్తాయి కానీ మాట వినిపించదు.

పోయిన వారం జరిగింది చెప్తాను. సబా కూతురు ఫ్రిజ్ మీద చేతిరాత చీటీ అంటించి వెళ్లింది. యోమ్ గీమెల్, అంటే మూడో రోజు, మంగళవారం. పది గంటలు. దాని పక్కన ఒకే మాట: సామెఖ్, పే, రేష్. ఈ మూడక్షరాల మాట పాప పుస్తకంలో వంద సార్లు చూశాను. సెఫెర్, పుస్తకం. సబా బల్ల మీద లైబ్రరీ స్టిక్కర్ ఉన్న పుస్తకం ఒకటి చాలా రోజులుగా ఉంది. దాన్ని తిరిగి ఇవ్వమంటున్నారని అనుకున్నాను. మంగళవారం పొద్దున సబాను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, ఆ పుస్తకం తీసుకుని లైబ్రరీకి వెళ్లాను. మేము వచ్చేసరికి పక్కింటావిడ చెప్పింది, కటింగ్ చేసే ఆయన పదింటికి వచ్చి బెల్ కొట్టి కొట్టి వెళ్లిపోయాడని. ఆ మాట సెఫెర్ కాదు, సపార్. కటింగ్ చేసే మనిషి. ఆ గురువారమే మనవరాలి పెళ్లి.

కూతురు ఫోన్‌లో ఒక్క మాట కూడా అనలేదు. సబా కూడా ఏమీ అనలేదు. సాయంత్రం అద్దం ముందు తల మీద చెయ్యి పెట్టి చూసుకున్నారు, అంతే. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన ఎన్ని నెలల నుంచి ఆ పెళ్లి కోసం ఎదురు చూస్తున్నారో నాకు తెలుసు. (పెళ్లి రోజు పొద్దున పక్క వీధి నుంచి ఇంకొకాయన వచ్చి కత్తిరించాడు, అది వేరే సంగతి.)

నా ప్రశ్నలు రెండు. ఒకటి, అచ్చులు రాయకుండానే వీళ్లు ఏ మాట ఏదో ఎలా గుర్తుపడతారు? రెండు, చుక్కల పుస్తకంలో ఉన్న అక్షరాలకూ బయట ఉన్న అక్షరాలకూ కూడా తేడా కనిపిస్తోంది. బోకెర్, అంటే పొద్దున, అనే మాట సబా ప్రార్థన పుస్తకంలో మూడక్షరాలు. మందుల డబ్బా మీద నాలుగు, మధ్యలో ఒక వావ్ ఎక్కువ. ఏది ఒప్పు?


చార్మినార్_దగ్గర:

అన్నా, నాకు హీబ్రూ రాదు. కానీ మీ బాధ నాకు తెలుసు. మాది తెలుగు ఇల్లే, హైదరాబాద్‌లో బడిలో ఉర్దూ చదువుకున్నాను. అక్కడా ఇదే పద్ధతి. మొదటి పుస్తకంలో జబర్, జేర్, పేష్ అన్నీ పెడతారు. పైన గీత ఉంటే అ, కింద ఉంటే ఇ, పైన చిన్న కొక్కెం ఉంటే ఉ. తర్వాత తరగతుల్లో తీసేస్తారు. పాతబస్తీలో ఏ దుకాణం బోర్డు మీదా అవి కనిపించవు.

అలిఫ్, సీన్ రాసి ఉంటే అది ఇస్ కావచ్చు, ఉస్ కావచ్చు. ఒకటి దగ్గరిది, ఒకటి దూరంది. పక్క మాట చూస్తే గానీ తెలియదు. మా ఉస్తాద్ మమ్మల్ని ఒక్కో మాట చదవనిచ్చేవారు కాదు. వాక్యం చివరి దాకా కళ్లతో వెళ్లి వచ్చి అప్పుడు నోరు తెరవమనేవారు. నాకైతే రెండేళ్లు పట్టింది. మీకు పదకొండు నెలలే కదా.


రమత్‌గన్_అక్క:

తమ్ముడూ, నేను నిజామాబాద్ నుంచి వచ్చి ఇక్కడ చాలా ఏళ్లయింది. నువ్వు చెప్పిన సపార్ సంగతి చదివి నా మొదటి సంవత్సరం గుర్తొచ్చింది.

నాకు బోకెర్‌తోనే దెబ్బ తగిలింది. సూపర్‌మార్కెట్‌లో ఫ్రీజర్ దగ్గర బేత్, కోఫ్, రేష్ అని రాసి ఉన్న ప్యాకెట్ చూసి, పొద్దున టిఫిన్‌కి తినే మాంసం కాబోలనుకుని తెచ్చాను. అది బకార్, ఆవు మాంసం. నేను చూసుకునే సవ్తాకి, అంటే అవ్వకి, డాక్టర్ వద్దన్నది అదే. వండే ముందు ఆమె చూసింది కాబట్టి సరిపోయింది. అప్పుడు నాకు తెలిసింది, బయట రాతలో పొద్దునకి మధ్యలో వావ్ పెడతారు, ఆవు మాంసానికి పెట్టరు. ఆ వావే గుర్తు. నీ రెండో ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు అంతే: బయట చుక్క ఉండదు కాబట్టి ఓ, ఊ శబ్దం ఉన్నచోట వావ్ వేస్తారు, ఇ శబ్దం ఉన్నచోట చాలా వరకు యోద్ వేస్తారు.

ఇంకోటి. అయిన్, రేష్, బేత్. మందుల డబ్బా మీద ఉంటే ఎరెవ్, సాయంత్రం. టీవీ వార్తల కింద నడిచే అక్షరాల్లో అదే మాట పక్కన సౌదీ అని ఉంటే అది అరవ్, అరేబియా. అక్షరాలు ఒకటే. ఎక్కడ ఉందో చూడాలి.

నా సలహా ఒకటే. చుక్కల వెంట పడకు. రోజూ అవసరమయ్యే రెండు వందల మాటలు బొమ్మల్లా గుర్తుపెట్టుకో. నేను మందుల డబ్బా మీద ప్రతి గడి కింద తెలుగులో రాసుకున్నాను: బోకెర్, త్సొహొరాయిమ్ (మధ్యాహ్నం), ఎరెవ్. సవ్తా కూతుళ్లకి కూడా అలవాటైపోయింది. అర్థం కాని చీటీ వస్తే ఫొటో తీసి పంపించి, ఇది ఏమిటని అడుగు. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. మందుల విషయంలో మాత్రం ఎప్పుడూ ఊహించి చదవకు.


తెనాలి_పంతులు:

నాయనా, నేను ఒక థియోలాజికల్ కాలేజీలో 26 ఏళ్లు పాత నిబంధన హీబ్రూ చెప్పి రిటైర్ అయ్యాను. నీ చీటీ సంగతి రెండుసార్లు చదివాను. నువ్వు చేసింది తెలివితక్కువ పని కాదు. సామెఖ్, పే, రేష్ అనే ఆ మూడక్షరాలను నేను ప్రతి సంవత్సరం మొదటి క్లాసులో బోర్డు మీద రాసేవాడిని. సెఫెర్ పుస్తకం. సపార్ కటింగ్ చేసేవాడు. సఫార్ లెక్కపెట్టాడు. స్ఫార్ సరిహద్దు ప్రాంతం. సిప్పెర్, ఇప్పటి ఉచ్చారణలో సిపెర్, చెప్పాడు. పాత రాతలో ఈ అయిదూ ఒకేలా ఉంటాయి. ఇప్పటి బయటి రాతలో సిపెర్‌కి మాత్రం మధ్యలో యోద్ వేసి వేరు చేస్తారు. మిగతా నాలుగూ ఈ రోజుకీ కలిసే ఉన్నాయి.

ఇక ఎలా గుర్తుపడతారన్న మాట. ముందు మన భాషతో చూడు. తెలుగులో గుణింతపు గుర్తులన్నీ తీసేశామనుకో. పాలు, పులి, పూలు, పాల, పలు అన్నీ ‘పల’ అయిపోతాయి. వాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదు. పైగా మన వ్యాకరణమంతా మాట చివర ఉంటుంది, కి, ను, లో, తో అని. అచ్చులు తీస్తే అదీ పోతుంది. అందుకే తెలుగు అలా రాయలేం.

హీబ్రూ మాట నిర్మాణం వేరు. మూడు హల్లులు మాటకి ఎముకల్లాంటివి. అచ్చులు వాటి మధ్య నడిచే రాగం. కఫ్, తావ్, బేత్ అనే మూడు హల్లులు చూస్తే ఇది రాయడానికి సంబంధించింది అని ఎవరికైనా తెలిసిపోతుంది. కతవ్ రాశాడు, కోతెవ్ రాస్తున్నాడు, మిఖ్తవ్ ఉత్తరం, క్తోవెత్ చిరునామా, హఖ్తవా డిక్టేషన్. అర్థం హల్లుల్లో ఉంది. అందులో ఏ రకం మాట అన్నది అచ్చుల్లో ఉంది. ఆ రకాన్ని పక్కనున్న మాటలు చెప్పేస్తాయి.

ఈ రాగాలు లెక్కలేనన్ని ఉండవు. నీకు పనికొచ్చేవి రెండు చెప్తాను. సెఫెర్ ఏ రాగం? ఎ, ఎ. అదే రాగంలో మెలెఖ్ రాజు, యెలెద్ పిల్లవాడు, కెలెవ్ కుక్క, దెరెఖ్ దారి, లెహెమ్ రొట్టె. బేత్లెహేము అని మనం అనే ఊరి పేరులో ఉన్నది ఆ లెహెమే. రొట్టెల ఇల్లు అని అర్థం. సపార్ ఏ రాగం? అ, ఆ. అది చేతిపని వాళ్ల రాగం. నగ్గార్ వడ్రంగి, తబ్బాఖ్ వంటవాడు, సబ్బాల్ కూలీ. ఇప్పటి వాళ్లు ద్విత్వం పలకరు కాబట్టి నగార్, తబాఖ్, సబాల్ అని వినిపిస్తుంది. చీటీలో రోజు, గంట ఉన్నాయి అంటే మనిషి వస్తాడు. మనిషి అనుకోగానే చదివేవాడి చెవిలో అ, ఆ రాగం ముందే మోగుతుంది. ఇక్కడ పుట్టిన వాళ్లు ఇదంతా ఆలోచించి చేయరు. నువ్వు ఆలోచించి చేయాలి, అంతే తేడా. కొన్నాళ్లకి ఆ తేడా కూడా ఉండదు.

రమత్‌గన్ అమ్మాయి చెప్పిన వావ్, యోద్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. దానికి పాత చరిత్ర ఉంది. చుక్కలు పుట్టకముందే, కొన్ని హల్లులనే అచ్చులకి గుర్తుగా వాడటం మొదలుపెట్టారు: ఆలెఫ్, హే, వావ్, యోద్. వీటికి హీబ్రూలో పేరు ఇమ్మోత్ కెరియా. చదువుకి తల్లులు అని అర్థం. ఇంత అందమైన సాంకేతిక పదం నాకు ఇంకోటి తెలియదు. బైబిల్లోనే ఈ మార్పు కనిపిస్తుంది. దావీదు పేరు సమూయేలు గ్రంథాల్లో దాలెత్, వావ్, దాలెత్. దినవృత్తాంతాల్లో మధ్యలో యోద్ చేరింది. మృత సముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో దొరికిన పెద్ద యెషయా చుట్టలో ఈ వావ్‌లు ఇంకా ఎక్కువ.

కాబట్టి బోకెర్‌కి నువ్వు చూసిన రెండు రాతలూ ఒప్పే. చుక్కలు ఉంటే ఓ శబ్దాన్ని బేత్ పైన ఉన్న చుక్కే చెప్తుంది, వావ్ అక్కర్లేదు. చుక్కలు లేకపోతే వావ్ చెప్తుంది. మొదటిదాన్ని క్తీవ్ హసేర్ అంటారు, తక్కువ రాత. రెండోదాన్ని క్తీవ్ మలే, నిండు రాత. 1953లో చట్టంతో ఏర్పడిన హీబ్రూ భాషా అకాడమీ ఈ నిండు రాతకి నియమాలు పెట్టింది. 2017లో వాటిని సవరించింది కూడా. మందుల డబ్బా మీద మధ్యాహ్నం అనే మాట ఒకచోట వావ్‌తో, ఒకచోట వావ్ లేకుండా కనిపిస్తే కంగారు పడకు. కొత్త నియమం వావ్ వేయమంది, జనం చేతికి పాతదే అలవాటు.

అయితే ఆ అమ్మాయి చెప్పిన ఒక్క మాటకి మాత్రం నేను ఒప్పుకోను. చుక్కల వెంట పడకు అంది. పడాలి నాయనా, ఒక సంవత్సరం గట్టిగా పడాలి. చుక్క లేకుండా చదవడమంటే చుక్క లేనట్టు చదవడం కాదు. అది నీ తలలో ఉన్నట్టు చదవడం. మొదట అది తలలోకి ఎక్కాలి కదా. ఆ పాప పుస్తకం వదలకు.


రమత్‌గన్_అక్క:

సార్, మీరు చెప్పింది సరే. కానీ రాత్రి రెండుసార్లు లేచి, పగలు ఎత్తి దించి, వంట చేసి, మిగిలిన అరగంటలో మేము చదవాలి. నాకు ఆ అరగంటలో ముందు మందుల పేర్లు రావాలి, తర్వాతే మిగతావి. తమ్ముడికి కోపం వచ్చినా సరే, ముందు రెండు వందల మాటలు.


కార్మెల్_కొండ_మీద:

అక్కా, కోపం ఎందుకు. మందుల డబ్బా కింద తెలుగులో రాయడం ఈ పొద్దునే చేశాను. సబా చూసి ఆ అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని వేలితో తడిమారు. సార్ చెప్పిన మెలెఖ్, యెలెద్, లెహెమ్ కూడా పనిచేస్తూ పాటలా అనుకుంటున్నాను. బేకరీ బోర్డు మీద లామెద్, హేత్, మేమ్ చూడగానే చదవకుండానే లెహెమ్ వినిపించింది.

సార్, ఇంకో సందేహం. సబా పోలండ్‌లో పుట్టారు. ప్రార్థన పుస్తకంలో శనివారం మాట కింద చుక్కలు చూసి నేను షబ్బాత్ అని చదివాను. పాప షబాత్ అంటుంది. సబా మాత్రం షబ్బోస్ అంటారు. పుస్తకం ఒకటే, చుక్కలు ఒకటే. ఎవరిది తప్పు?

ఇంకోటి కూడా. పోయిన శనివారం ఆయనను ప్రార్థన మందిరానికి తీసుకెళ్లాను. పెద్ద తోలు చుట్ట విప్పి అందరికీ కనిపించేలా పైకెత్తారు. దగ్గర్నుంచి చూశాను, ఒక్క చుక్క కూడా లేదు. అంత పవిత్రమైన దాంట్లో తప్పు చదివితే ఎలా అని నాకు భయం వేసింది.


తెనాలి_పంతులు:

ఎవరిదీ తప్పు కాదు. నీ ప్రశ్న చూసి చాలా సంతోషం వేసింది, ఎందుకంటే నిక్కుద్ కథంతా అందులోనే ఉంది.

షబ్బాత్ అనే మాటలో షిన్ కింద ఉన్న అడ్డగీత పతాహ్. బేత్ కింద ఉన్నది, అడ్డగీతకి కింద చిన్న తోక ఉన్నట్టు కనిపించేది, కమాత్స్. ఇప్పుడు ఇజ్రాయెల్‌లో రెంటినీ అ అనే పలుకుతారు. మరి రెండు గుర్తులు ఎందుకు పెట్టారు? పెట్టిన వాళ్ల నోట్లో అవి రెండు వేరే శబ్దాలు కాబట్టి. పతాహ్ అంటే తెరవడం, కమాత్స్ అంటే ముడవడం, రెండూ నోటి గురించే. కమాత్స్ వాళ్లకి ఆకీ ఓకీ మధ్య శబ్దం. తూర్పు యూరప్ యూదుల నోట్లో అది ఓ వైపు జరిగింది. చివరి తావ్‌లో చుక్క లేకపోతే వాళ్లు దాన్ని స అంటారు. షబ్బోస్ అలా వచ్చింది. అలాగే రెండు చుక్కల త్సేరే, మూడు చుక్కల సెగోల్ ఒకప్పుడు వేరు, ఇప్పుడు రెండూ ఎ. గుర్తులు చాలా ఉన్నా ఇప్పటి హీబ్రూలో అచ్చులు అయిదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. మనలాగా హ్రస్వం, దీర్ఘం తేడాతో అర్థం మారదు. అందుకే పాప చెప్పే షబాత్‌లో నీకు దీర్ఘం వినిపించినా, వినిపించకపోయినా అదే మాట.

ఈ గుర్తులు పెట్టిన వాళ్లెవరో చెప్తాను. హైఫా నుంచి బస్సెక్కితే గలిలయ సముద్రం ఒడ్డున తిబెరియ ఊరు వస్తుంది. సెలవు రోజున వెళ్లిరా. సుమారు 7 నుంచి 10వ శతాబ్దం దాకా ఆ ఊళ్లో మసొరేతులు అనే పండితులు ఉన్నారు. అప్పటికి హీబ్రూ ఇళ్లలో మాట్లాడే భాష కాదు. ప్రార్థనలో, చదువులో మిగిలింది. ఎలా పలకాలన్నది తండ్రి నోటి నుంచి కొడుకు చెవికి వెళ్తోంది. ఆ గొలుసు తెగితే శబ్దం పోతుంది. కానీ గ్రంథంలో ఒక్క అక్షరం కలపడానికి గానీ తీయడానికి గానీ వీల్లేదు. అందుకని అక్షరం జోలికి పోకుండా దాని కింద, పైన, పొట్టలో చుక్కలు పెట్టారు. ఎవరు చుక్కలు చెరిపేసినా మూల గ్రంథం ఉన్నదున్నట్టే ఉంటుంది. ఎంత జాగ్రత్త చూడు! బబులోను వైపు వాళ్లూ, పాలస్తీనాలోనే మరికొందరూ అక్షరాల పైన గుర్తులు పెట్టే వేరే పద్ధతులు తయారుచేశారు. చివరికి నిలిచింది తిబెరియ పద్ధతి. అందులోనూ బెన్ ఆషేర్ కుటుంబం వాళ్ల పద్ధతి. ఆ ఇంటి అహరోన్ బెన్ ఆషేర్ స్వయంగా చుక్కలు పెట్టిన ప్రతి సుమారు 930 నాటిది. చాలా కాలం సిరియాలోని అలెప్పోలో ఉంది. 1947 అల్లర్ల తర్వాత కొంత భాగం పోయి, మిగిలింది యెరూషలేము చేరింది. నేను క్లాసులో చెప్పిన అచ్చువేసిన బైబిలుకి ఆధారం ఇంకో ప్రతి, సుమారు 1008 నాటిది, రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది.

నువ్వు చూసిన తోలు చుట్టలో చుక్కలు ఉండకూడదు, అది నియమం. చదివే ఆయన ముందు రోజుల్లో తిక్కున్ అనే పుస్తకంతో సాధన చేస్తాడు. అందులో ఒక వరుసలో చుక్కలతో, పక్క వరుసలో అచ్చం చుట్టలో ఉన్నట్టు చుక్కలు లేకుండా, అదే భాగం ఉంటుంది. ఇటు చూసి నేర్చుకుని, అటు చూసి అప్పజెప్పుకుంటాడు. మందిరంలో పక్కన నిలబడ్డవాళ్లు పుస్తకంలో చూస్తూ ఉంటారు. తప్పు పలికితే అక్కడికక్కడే దిద్దుతారు. నువ్వు భయపడిన దాని కోసమే ఆ ఏర్పాటు.

ఇంకొక్కటి చెప్పకుండా ఉండలేను. మన తెలుగు బైబిల్లో యెహోవా అనే నామం ఉంది కదా. హీబ్రూలో అది నాలుగు హల్లులు: యోద్, హే, వావ్, హే. యూదులు ఆ నామాన్ని పలకరు. ప్రార్థనలో అక్కడ అదోనాయ్, అంటే ప్రభువు, అని చదువుతారు. మామూలు మాటల్లో మీ సబా హాషేమ్, అంటే ఆ నామం, అంటారు, విని ఉంటావు. చదివేవాడికి గుర్తు చేయడానికి మసొరేతులు ఆ నాలుగు హల్లులకి అదోనాయ్ అనే మాటలోని అచ్చుల గుర్తులు పెట్టారు. తర్వాత కాలంలో క్రైస్తవ పండితులు ఆ హల్లుల్నీ ఈ అచ్చుల్నీ కలిపి చదివారు. అలా వచ్చిన రూపమే యెహోవా. నేను చిన్నప్పటి నుంచి ప్రార్థనలో పలికిన నామం వెనక ఇంత చుక్కల కథ ఉందని మొదటిసారి తెలిసినప్పుడు చాలాసేపు పుస్తకం ముందు కదలకుండా కూర్చున్నాను. నా భక్తి తగ్గలేదు. ఆ గుర్తులు పెట్టిన వేళ్ల మీద గౌరవం పెరిగింది.

నీ దగ్గర తెలుగు బైబిలు ఉంటే 119వ కీర్తన తియ్యి. ఆలెఫ్, బేత్, గీమెల్ అని మన అక్షరాల్లోనే శీర్షికలు ఉంటాయి. 22 అక్షరాలు, ఒక్కోదానికి ఎనిమిది వచనాలు, మొత్తం 176. హీబ్రూలో ఆ ఎనిమిదీ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. సబా దగ్గర చుక్కలున్న కీర్తనల పుస్తకం తప్పకుండా ఉంటుంది. రోజుకి ఎనిమిది వచనాలు ఆయనతో చదివించుకుని నువ్వు వెనక చదువు. ఆయన ఓ అన్నచోట ఓ అను, పాప దగ్గర అ అను.


కీబోర్డ్_హైదరాబాద్:

ఫాంట్ల పని చేస్తాను కాబట్టి చిన్న మాట. యూనికోడ్‌లో నిక్కుద్ గుర్తులు మన గుణింతపు గుర్తుల్లాగే విడి కోడ్‌లు. ముందు హల్లు, తర్వాత గుర్తు. తెలుగు టైప్ చేసే చేతికి ఇది కొత్తేమీ కాదు. విండోస్ హీబ్రూ కీబోర్డ్‌లో కుడి ఆల్ట్ పట్టుకుని, చాలా గుర్తులకి వాటి పేరులోని మొదటి అక్షరం నొక్కితే వస్తాయి: పతాహ్‌కి పే, కమాత్స్‌కి కోఫ్.

మీకు ఎక్కువ పనికొచ్చేది ఇంకోటుంది. డిక్టా అనే సంస్థ వాళ్ల సైట్‌లో నక్దాన్ అని ఒక సాధనం ఉంది, ఉచితం. చుక్కలు లేని వాక్యం వేస్తే చుక్కలు పెట్టి ఇస్తుంది. ఒక్క మాట వేయకండి, మొత్తం వాక్యం వేయండి. దానికీ పక్క మాటలు కావాలి. క్రియలకైతే పెయలీమ్ సైట్ చూడండి, ఒక్కో ధాతువుకీ అన్ని రూపాలూ చుక్కలతో ఉంటాయి.

పేర్ల విషయంలో జాగ్రత్త. విదేశీ పేర్లకి ఈ ధాతువు, రాగం ఏమీ పనిచేయవు, అందుకే ఇక్కడి వాళ్లు కూడా తడబడతారు. జ శబ్దానికి గీమెల్ రాసి పైన పక్కగా చిన్న గీత పెట్టాలి. ఆ గీత లేకపోతే అది గ.


కార్మెల్_కొండ_మీద:

ఆ గీత నా కార్డు మీద లేదు అన్నా. నా పేరు జతో మొదలవుతుంది. ఇన్నాళ్లూ క్లినిక్‌లో నన్ను గతో పిలుస్తుంటే వాళ్లకి పలకడం రాక అనుకున్నాను. నిన్న వెళ్లినప్పుడు పెన్ను అడిగి నేనే ఆ చిన్న గీత పెట్టి చూపించాను. కౌంటర్‌లో అమ్మాయి చదివింది, సరిగ్గా, మా బాపు పిలిచినట్టు.

119వ కీర్తన మొదలుపెట్టాం. ఇవాళ దాలెత్ దగ్గర ఉన్నాం. సబా కళ్లకి చుక్కలు ఆనవు, కానీ ఆయనకి అవి అక్కర్లేదు, అంతా నోటికి వచ్చు. నేను వేలు పెట్టి చుక్క చూస్తాను, ఆయన చెప్తారు. ష్వా దగ్గరే ఇబ్బంది పడుతున్నాను. రెండు చుక్కలు నిలువుగా ఉంటాయి, కొన్నిచోట్ల మన పొల్లులా ఆగిపోతుంది, కొన్నిచోట్ల చిన్న ఎ వస్తుంది. సబా చెయ్యి ఊపుతారు, తర్వాత వస్తుందిలే అన్నట్టు.

బుధవారం పొద్దున ఫ్రిజ్ మీద కొత్త చీటీ ఉంది. చివర్లో దాలెత్, వావ్, దాలెత్. పంతులు గారు దావీదు అని చెప్పిన మాట. దోద్ అంటే మామయ్య అని కూడా నాకు తెలుసు. ఎవరో దావీద్ వస్తున్నాడా, మామయ్య వస్తున్నాడా అని గుండె దడ మొదలైంది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు ముందు మాట చూశాను: లామెద్, హే, దాలెత్, లామెద్, యోద్, కోఫ్. యోద్ ఉంది కాబట్టి అక్కడ ఇ. లెహద్లీక్, వెలిగించాలి, ఆన్ చేయాలి. మనుషుల్ని ఆన్ చేయరు కదా. మూడోది గుర్తొచ్చింది, దూద్, నీళ్లు కాచే బాయిలర్. మూడు రోజులుగా ఎండ లేదు, మేడ మీది సోలార్‌తో నీళ్లు వేడెక్కలేదు.

అయినా కూతురికి ఫొటో పంపి అడిగాను, అక్క చెప్పినట్టు. దూద్ అనే జవాబొచ్చింది. అయిదింటికి స్విచ్ వేశాను. ఆరింటికి సబాకి స్నానం చేయించాను. చీటీ తీసేయలేదు, వావ్ మధ్యలో పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి అక్కడే ఉంచాను.